గేమ్ బాయ్ డాంకీ కాంగ్ నకలు కాదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. పాత వీడియో గేముల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని మా అమ్మాయి పైకి చదువుతుంటే పక్కన కూర్చుని విన్నాను. బాగానే రాశారు. కానీ ఒక వాక్యం దగ్గర తను ఆగి నా ముఖంలోకి చూసింది. చేతిలో పట్టుకుని ఆడే మెషిన్ల మీదికి వచ్చిన పాత ఆర్కేడ్ ఆటలన్నీ (అంటే నాణెం వేసి ఆడే పెద్ద మెషిన్ల ఆటలన్నీ) చిన్న తెరకు కుదించిన నకళ్లేనని రాశారు. అందుకు ఉదాహరణగా 1994లో గేమ్ బాయ్ మీద వచ్చిన డాంకీ కాంగ్‌ని చూపించారు. మిగతా ఆటల సంగతి ఎలా ఉన్నా, ఆ ఆట విషయంలో మాత్రం ఆ మాట తప్పు. ఆ తప్పు ఎక్కడుందో చెప్పడానికే ఈ ఉత్తరం. కాస్త పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవమని కోరుతున్నాను.

నేను 26 ఏళ్లుగా లెక్కలు చెబుతున్న టీచరుని. ఆటల గురించి రాసే వృత్తి కాదు నాది. అయితే ఈ ఆటని మొదటి తెర నుంచి చివరి తెర దాకా నాలుగుసార్లు పూర్తి చేశాను. మా అన్నయ్య విదేశం నుంచి వస్తూ బూడిద రంగు గేమ్ బాయ్ ఒకటి, దాంతోపాటు ఈ క్యాసెట్టూ తెచ్చాడు. అప్పటికి నాకు ఇంకా పెళ్లి కాలేదు. ఆ మెషిన్ తెరకి వెనకనుంచి వెలుతురు ఉండదు. బల్ల మీద దీపం వెలిగించుకుని, ఆ వెలుగు సరిగ్గా తెర మీద పడేలా మెషిన్‌ని వంచి పట్టుకుని, పక్కనున్న చక్రం తిప్పి నలుపు తెలుపుల తేడా సరిచేసుకుంటే తప్ప బొమ్మ కనపడేది కాదు. నాలుగు పెన్సిల్ సెల్స్ వేయాలి. అవి అయిపోవస్తే తెర పక్కనున్న ఎర్రదీపం మెల్లగా మసకబారేది. అది చూస్తే గుండె వేగం పెరిగేది, ఎందుకంటే అప్పటికి నేను సగం లెవెల్‌లో ఉండేదాన్ని.

ముందు అసలు ఆట గురించి. డాంకీ కాంగ్ 1981 నాటి ఆర్కేడ్ ఆట. గొరిల్లా ఎత్తుకుపోయిన పాలీన్ అనే అమ్మాయిని విడిపించడానికి మనం నడిపే మారియో అంతస్తులెక్కుతూ పైకి వెళ్లాలి. జపాన్ కంపెనీ నింటెండో వాళ్ల రేడార్ స్కోప్ అనే ఆట అమెరికాలో అమ్ముడుపోక మెషిన్లు మిగిలిపోతే, ఆ పెట్టెల్లోనే కొత్త ఆట పెట్టి పంపాలని నిర్ణయించారు. ఆ పని చిత్రకారుడిగా చేరిన షిగెరు మియామొటోకి అప్పగించారు. ఆయన పనిని పర్యవేక్షించినవాడు గుంపెయ్ యొకోయ్. ఎనిమిదేళ్ల తర్వాత, 1989లో, గేమ్ బాయ్‌ని తయారుచేసింది కూడా ఆ యొకోయ్ బృందమే. అందుకని ఆ ఆట ఈ మెషిన్ మీదికి రావడం నా కళ్లకి ఒకే ఇంటి మనుషులు మళ్లీ కలుసుకున్నట్టే ఉంటుంది.

ఆర్కేడ్ ఆటలో ఉన్నవి నాలుగే అంతస్తులు. 25 మీటర్ల దగ్గర ఒరిగిన ఇనుప దూలాల మీద పీపాలు దొర్లుతూ వస్తాయి. 50 మీటర్ల దగ్గర సిమెంటు తొట్లని మోసుకుపోయే కన్వేయర్ బెల్టులు. 75 దగ్గర లిఫ్టులు. 100 దగ్గర ఎనిమిది రివెట్లు. వాటన్నిటినీ ఊడగొడితే దూలాలు కూలి గొరిల్లా తలకిందులుగా పడుతుంది. ఇంట్లో టీవీకి తగిలించి ఆడే నింటెండో మెషిన్ ఫామికామ్ కోసం 1983లో చేసిన డాంకీ కాంగ్‌లో ఈ 50 మీటర్ల అంతస్తునే తీసేశారు. మీ వ్యాసం కుదించిన నకలు అన్న మాట దానికి రాసుంటే నేను ఒక్క అక్షరం కూడా కాదనేదాన్ని కాదు. గేమ్ బాయ్ ఆటలో మాత్రం నాలుగు అంతస్తులూ ఉన్నాయి.

ఇక్కడ లెక్కల టీచరుగా నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఒకటి చెప్పాలి. ఆర్కేడ్ డాంకీ కాంగ్‌కి ముగింపు లేదు. గొరిల్లా పడిపోతుంది, మళ్లీ మొదటి అంతస్తు వస్తుంది, మళ్లీ ఎక్కాలి. రౌండు పెరిగేకొద్దీ కష్టం పెరుగుతుంది, కథ మాత్రం అక్కడే ఉంటుంది. అయినా ఒక చోట ఆట ఆగిపోతుంది, 22వ రౌండులో. ఎందుకంటే ప్రతి రౌండుకీ ఇచ్చే బోనస్ సమయాన్ని మెషిన్ ఇలా లెక్కిస్తుంది: రౌండు సంఖ్యకి 4 కలిపి, పదితో గుణించి, వచ్చినదానికి వెనక రెండు సున్నాలు పెడుతుంది. మొదటి రౌండుకి 5,000. నాలుగో రౌండుకి 8,000. అక్కణ్నుంచి పెరగకుండా 8,000 దగ్గరే ఆపేస్తుంది. అయితే ఆపే ముందు లెక్క వేయాలి కదా! 22కి 4 కలిపితే 26, పదితో గుణిస్తే 260. ఆ లెక్క జరిగే చోట ఎనిమిది బిట్లే, అంటే 0 గానీ 1 గానీ పట్టే ఎనిమిది గళ్లే ఉన్నాయి. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 255. 256 జారిపోగా మిగిలేది 4. బోనస్ 400 మాత్రమే వస్తుంది. ఆటగాడు పైకి చేరకముందే, కొన్ని సెకన్లలోనే సమయం అయిపోయి బొమ్మ చచ్చిపోతుంది. ఎంత గొప్ప ఆటగాడైనా అంతే.

దీన్ని నేను తొమ్మిదో తరగతి పిల్లలకి బోర్డు మీద వేసి చూపిస్తాను. 260లోంచి 256 తీసేసిన గీత దగ్గర క్లాసు మొత్తం ఒక్కసారి నిశ్శబ్దమవుతుంది. ఆ ఆట చేసినవాళ్లు అక్కడ గోడ కట్టాలని అనుకోలేదు, అంత దూరం ఎవరైనా వస్తారని ఊహించి ఉండరు. అంటే 1981 ఆటకి ముగింపు రాసింది మనిషి కాదు, ఒక లెక్క తప్పు. ఇక 1994 ఆట ఏం చేసిందో చూడండి.

గేమ్ బాయ్‌లో ఆట మొదలుపెట్టగానే పాత 25 మీటర్ల అంతస్తు కనపడుతుంది. అవే దూలాలు, అవే పీపాలు. తర్వాత 50, 75, 100. ఆర్కేడ్ తెర నిలువుది, అడ్డం 224, నిలువు 256 చుక్కలు. గేమ్ బాయ్ తెర 160కి 144. రంగులు లేవు, ఉన్నవి నాలుగు ఛాయలే. మొదటిసారి ఆడినప్పుడు నేనూ మీ వ్యాసకర్త అనుకున్నట్టే అనుకున్నాను: పాత ఆటని చిన్నది చేసి ఇచ్చారు, అంతే. రివెట్లు ఊడగొట్టాను. గొరిల్లా పడింది. మారియో, పాలీన్ కలుసుకున్నారు. సరే, అయిపోయిందనుకుని మెషిన్ కింద పెట్టబోయాను.

అప్పుడు పడిపోయిన గొరిల్లా లేచింది. పాలీన్‌ని ఎత్తుకుని పారిపోయింది. మారియో వెనకాల పరుగెత్తాడు. తెర మీద ఓ నగరం వచ్చింది.

ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. దీపం దగ్గర కూర్చున్నదాన్ని అలాగే నిటారుగా అయిపోయాను. 13 ఏళ్ల పాటు ఆ నాలుగు అంతస్తులే ఆట మొత్తం అనుకున్నారు జనం. ఈ ఆట వాటిని మొదటి పది నిమిషాల్లో మన చేతిలో పెట్టి, ఇది ముందుమాట మాత్రమే, పుస్తకం ఇంకా ముందుంది అంటోంది. నగరం తర్వాత అడవి, ఓడ, దట్టమైన కారడవి, ఎడారి, విమానం, మంచుకొండ, రాతి లోయ, చివరికి ఒక టవర్. పాత నాలుగుతో కలిపి మొత్తం 101 లెవెల్స్. అంటే 97 కొత్తవి. సంపాదకుడు గారూ, నూటికి 96 పాళ్లు కొత్తగా రాసిన పుస్తకాన్ని మనం నకలు అంటామా?

లెవెల్స్ ఎక్కువున్నాయన్న ఒక్క కారణంతో నేను వాదించడం లేదు. ఆట జాతే మారిపోయింది. ఆర్కేడ్‌లో పైకి చేరడమే పని. ఇక్కడ ఒక తాళంచెవి ఉంటుంది, మూసి ఉన్న తలుపు ఉంటుంది. చెవిని నెత్తి మీద పెట్టుకుని తలుపు దాకా మోసుకెళ్లాలి. మధ్యలో ముళ్లు, నీళ్లు, లివర్ లాగితే తిరిగే బెల్టులు, తెరుచుకునే అడ్డుగోడలు. చెవిని పక్కన పెట్టి ఎక్కువసేపు వదిలేస్తే అది ఉన్న చోటు నుంచి మాయమై మొదట దొరికిన చోటికే వెళ్లిపోతుంది. ఈ ఒక్క నియమం చాలు ఆటని పజిల్ చేయడానికి. ఏది ముందు చేయాలి, ఏది తర్వాత, చెవిని ఎక్కడ దించాలి, ఎంతసేపు దించొచ్చు అనే ఆలోచన లేకుండా వేళ్ల వేగం ఎంతున్నా ఉపయోగం లేదు.

మా అమ్మాయి పన్నెండేళ్లప్పుడు ఒక లెవెల్ దగ్గర రెండు రోజులు ఆగిపోయింది. ఆ లెవెల్‌లో తాత్కాలిక వంతెన ఇచ్చే దిమ్మె ఒకటుంది. దాన్ని అందుకోగానే ఆట నిలిచిపోతుంది, తెర మీద ఒక గుర్తు కదులుతుంది, వంతెన ఎక్కడ కావాలో మనమే పెట్టుకోవాలి. పెట్టాక అది కాసేపే ఉంటుంది, తర్వాత మాయం. తను చెవి తెచ్చి, గొయ్యి పక్కన దించి, వెనక్కి వెళ్లి దిమ్మెని తాకి, వంతెన పెట్టి, పరుగెత్తుకొచ్చేసరికి చెవి వెళ్లిపోయేది. వేగం చాలడం లేదనుకుని మళ్లీ మళ్లీ అదే పని ఇంకా వేగంగా చేసేది. మూడో రోజు పొద్దున మెషిన్ పక్కన పెట్టి, కాగితం మీద తెర బొమ్మ గీసుకుంది. మెట్లు, గొయ్యి, దిమ్మె, తలుపు. బాణాలు వేసింది. చూస్తూ చూస్తూ పెన్సిలు ఆపి, అమ్మా, చెవిని దించక్కర్లేదు, విసరొచ్చు కదా అంది. గొయ్యికి అవతల ముందే విసిరేస్తే, వంతెన తన కోసం మాత్రమే. వెళ్లి ఆడింది. మొదటిసారికే తలుపు తెరుచుకుంది.

నేను క్లాసులో ఏళ్ల తరబడి చెప్పే మాట ఒకటుంది, లెక్క రాకపోతే వేగం పెంచకండి, బొమ్మ గీయండి అని. నా కూతురికి ఆ మాట నేర్పింది నేను కాదు, ఈ ఆట.

మారియోకి వచ్చిన కొత్త విన్యాసాల గురించి కూడా రెండు మాటలు. ఆర్కేడ్‌లో అతనికి తెలిసినవి నడవడం, ఎక్కడం, ఒకే ఒక్క ఎగురుడు. తన ఎత్తుకి మించి కింద పడితే ప్రాణం పోయేది. గేమ్ బాయ్‌లో చేతుల మీద తలకిందులుగా నిలబడతాడు, అక్కణ్నుంచి ఇంకా ఎత్తుకి ఎగురుతాడు. పరుగెత్తుతూ ఒక్కసారి వెనక్కి తిరిగి పల్టీ కొడతాడు. తీగ పట్టుకుని గిరగిరా తిరిగి ఆ ఊపుతో పైకి లేస్తాడు. కొంచెం ఎత్తు నుంచి పడితే దొర్లి లేచి నిలబడతాడు. తలకిందులుగా ఉన్నప్పుడు నెత్తిన పడబోయే పీపాని పాదాలతో ఆపుతాడు! ఇవన్నీ కాగితం మీద చదివి నేర్చుకోనక్కర్లేదు. కొన్ని లెవెల్స్‌కి ముందు మారియో, గొరిల్లా కలిసి ఒక చిన్న సన్నివేశం నడుపుతారు. అందులో కొత్త విన్యాసమో, కొత్త ప్రమాదమో ఒకసారి కళ్లముందు జరుగుతుంది. మాటలేవీ ఉండవు. తర్వాత లెవెల్‌లో అదే అవసరం పడుతుంది. మంచి టీచరు చేసే పని సరిగ్గా అదే. ముందు ఒక లెక్క చేసి చూపిస్తాం, తర్వాతి లెక్క మీరు చేయండి అంటాం. ఈ పద్ధతి చూసి నేను నా పాఠాల్లో మాటలు తగ్గించుకున్నాను.

నాలుగు లెవెల్స్‌కోసారి గొరిల్లా ఎదురవుతుంది. మధ్య లెవెల్స్‌లో పాలీన్ టోపీ, గొడుగు, సంచి పడి ఉంటాయి. మూడూ ఏరుకుంటే ప్రాణాలు గెలుచుకునే చిన్న ఆట వస్తుంది. తొందరపడి తలుపు దగ్గరికి వెళ్లాలా, గొడుగు కోసం ఆ మూలకి వెళ్లాలా అన్న పేచీ మా ఇంట్లో రోజూ ఉండేది. అమ్మాయి గొడుగు వదలదు. నేను వదిలేస్తాను.

ఇంత మార్పు ఎందుకు వచ్చిందని ఆలోచిస్తే నాకు తోచిన కారణం ఒకటుంది. ఆర్కేడ్ మెషిన్ దగ్గర సమయం మెషిన్ యజమానిది. ఆటగాడు త్వరగా ఓడిపోయి ఇంకో నాణెం వేస్తేనే ఆయనకి గిట్టుబాటు. కాబట్టి ఆట వేళ్ల వేగాన్ని పరీక్షించాలి, ఓడించాలి. చేతిలో ఉన్న మెషిన్ దగ్గర సమయం మనది. క్యాసెట్ కొన్నప్పుడే డబ్బు అయిపోయింది. ఇక మనల్ని త్వరగా ఓడించి ఎవరికీ లాభం లేదు. మనం ఆగి ఆలోచిస్తే ఎవరికీ నష్టం లేదు. ఎక్కడిదాకా వచ్చామో క్యాసెట్టే గుర్తుపెట్టుకుంటుంది. ఈ తేడాని అర్థం చేసుకుని, పాత ఆటలోని మెట్లు, దూలాలు, పీపాలు, సుత్తి అన్నిటినీ ఉంచుతూ వాటితో కొత్త ప్రశ్నలు అడిగారు. పాతది బతికించడం అంటే నాకు తెలిసి ఇదే. బొమ్మలకి మెరుగులు దిద్ది అదే ఆటని మళ్లీ అమ్మడాన్ని నేను ఆ మాటతో పిలవను.

గుర్తుపెట్టుకోవడం అన్నాను కాబట్టి ఒక బాధ కూడా చెప్పుకుంటాను. ఆ క్యాసెట్ లోపల నాణెం లాంటి చిన్న సెల్ ఉంటుంది. మనం ఎక్కడ ఆగామన్నది దాని బలం మీదే నిలుస్తుంది. కొన్నేళ్ల క్రితం ఒక సాయంత్రం మెషిన్ ఆన్ చేస్తే నా ఆట లేదు, అమ్మాయి ఆట లేదు. అన్నీ ఖాళీ. సెల్ అయిపోయింది. అమ్మాయి హాస్టల్‌కి వెళ్లేముందు ఎక్కడ ఆపిందో ఆ చోటుని నేను చెరపకుండా దాచి ఉంచాను. అది పోయింది. మా తమ్ముడు పాత సెల్ ఊడదీసి కొత్తది అతికించి ఇచ్చాడు. క్యాసెట్ బతికింది, ఆ చోటు మాత్రం తిరిగి రాలేదు. ఇలాంటి క్యాసెట్లు ఇంట్లో ఉన్నవాళ్లు సెల్ చూపించుకోవడం మంచిదని మీ పత్రికలో రెండు వాక్యాలు వేసినా కొందరికి ఉపయోగపడుతుంది.

ఈ ఆట తోవ అక్కడితో ఆగలేదు. 2004లో గేమ్ బాయ్ అడ్వాన్స్ మీద మారియో వర్సెస్ డాంకీ కాంగ్ వచ్చింది. అదే తాళంచెవి, అదే తలుపు, అవే చేతుల మీద నడకలు. ఈసారి గొరిల్లా ఎత్తుకెళ్లింది పాలీన్‌ని కాదు, చిన్న మారియో బొమ్మల్ని. ఒక్కో లోకం చివర ఆ బొమ్మల్ని వెంటబెట్టుకుని పెట్టె దాకా నడిపించాలి. నాకు నచ్చింది. 2006లో నింటెండో వాళ్ల తర్వాతి చేతి మెషిన్ డిఎస్ మీద వచ్చిన తర్వాతి ఆటలో తెర మీద పుల్లతో గీస్తూ బొమ్మల్ని నడిపించడమే ప్రధానమైపోయింది. మంచి ఆటే, కానీ మారియో చేతుల మీద నిలబడకపోతే నాకు ఏదో వెలితి. 2024 ఫిబ్రవరిలో 2004 ఆటనే నింటెండో వాళ్ల స్విచ్ మెషిన్ మీద కొత్తగా చేసి ఇచ్చారు. రెండు లోకాలు కలిపారు, ఇద్దరు కలిసి ఆడొచ్చు, సమయం తరమకుండా ఆడుకునే పద్ధతి పెట్టారు. మా అమ్మాయి తన జీతంతో కొని తెచ్చింది. తను మారియో, నేను అతని స్నేహితుడు టోడ్. చెవి ఎవరు మోయాలి, లివర్ దగ్గర ఎవరు ఆగాలి అని ఇద్దరం గట్టిగా మాట్లాడుకుంటూ ఆడతాం. ఇప్పటికీ గొడుగు లాంటిది ఏది కనపడినా తను అటే వెళుతుంది.

డాంకీ కాంగ్ ఒక్కటే కాదు. 1978 నాటి ఆర్కేడ్ ఆట స్పేస్ ఇన్వేడర్స్‌ని ముప్పై ఏళ్లకి, 2008లో, దాన్ని చేసిన టైటో కంపెనీ వాళ్లు చేతిలో ఆడే మెషిన్ల మీద స్పేస్ ఇన్వేడర్స్ ఎక్స్‌ట్రీమ్‌గా మళ్లీ మలిచారు. అదీ కుదింపు కాదు. దాని గురించి నాకంటే బాగా తెలిసినవాళ్లు ఉంటారు, వాళ్లచేత రాయించండి.

మీ పత్రిక సినిమా వస్తే కెమెరా పని గురించి, ఎడిటింగ్ గురించి వేరు వేరుగా రాస్తుంది. పాత నాటకాన్ని కొత్తగా ఆడితే ఏం మార్చారో, ఎందుకు మార్చారో వివరంగా రాస్తుంది. ఆ శ్రద్ధ చూసే నేను 20 ఏళ్లుగా మీ పాఠకురాలిని. వీడియో గేముల దగ్గరికి వచ్చేసరికి ఆ శ్రద్ధ ఉండటం లేదు. మా క్లాసులో పిల్లలు ఆటల గురించి ఎంత సూక్ష్మంగా మాట్లాడుకుంటారో వింటే మీ వ్యాసకర్త ఆశ్చర్యపోతారు. ఏ లివర్ ముందు, ఏ తలుపు తర్వాత అన్నదాని మీద వాళ్లు చేసే వాదన అచ్చంగా రేఖాగణితంలో నిరూపణ. వాళ్లు చదివే పేజీలో ఆట ఆడి చూసినవాళ్లు రాసిన మాట ఉండాలి.

నా కోరిక ఒక్కటే. వచ్చే ఆదివారం ఆ పేజీలో చిన్న సవరణ వేయండి. ఇదిగో, నేనే రాసి పంపుతున్నాను, చోటు ఎక్కువ పట్టదు:

1981 ఆర్కేడ్ డాంకీ కాంగ్‌లో ఉన్నవి 4 అంతస్తులు. 1994 గేమ్ బాయ్ డాంకీ కాంగ్‌లో ఉన్నవి 101 లెవెల్స్, పాత నాలుగూ అందులో మొదటివి. 101వది పూర్తి చేస్తే ఆట ముగుస్తుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
గణిత ఉపాధ్యాయురాలు